భీమమ్మ అడగని రోజు

గద్వాల చుట్టుపక్కల ఊళ్లలో మనిషికి ఇంటిపేరు కంటే ఊరు పెట్టిన పేరే గట్టిగా అంటుకుంటుంది. భీమమ్మకు ఊరు పెట్టిన పేరు ‘అడుగుడు భీమమ్మ’. ఎదురుపడ్డ మనిషిని ఏదో ఒకటి అడగనిదే ఆమె కాలు ముందుకు పడదు. బాగున్నావా, తిన్నావా అని అడిగితే ఎవరికీ బాధ ఉండేది కాదు. ఎందుకు కుంటుతున్నావు, కన్ను ఎందుకు ఎర్రబడింది, మీ పిల్లవాడు ఇంకా బడి నుంచి రాలేదేం, మోటారు వైరు అలా వేలాడుతుంటే ఎవరూ చూడరా అని అడుగుతుంది. ఆమె ప్రశ్న చివర ఎప్పుడూ ఒక కాలు విరగడమో, ఒక ప్రాణం పోవడమో కాచుకుని ఉంటుంది. అందుకే దూరాన ఆమె కొంగు కనబడితే చాలు, జనం పక్క సందులోకి తిరిగేవాళ్లు.

నిజం చెప్పాలంటే ఆమె భయపడ్డవి చాలామటుకు జరగలేదు. ఆ వైరు తెగి పడలేదు, ఎందుకంటే ఆమె నస భరించలేక ఎవరో దాన్ని పైకి కట్టారు. పిల్లవాడు వాగులో పడలేదు, ఆమే పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. జరగని కీడును ఎవరు గుర్తు పెట్టుకుంటారు? గుర్తుండేది అడిగిన నోరు మాత్రమే.

ఆమె పుట్టింది కోడేరు దగ్గర. తల్లిదండ్రులు మేస్త్రీ వెంట మట్టిపనికి దూరదేశాలు పోతూ, ఇద్దరు ఆడపిల్లలను అవ్వ దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. పెద్దది భీమమ్మ, చిన్నది రాధమ్మ. ఇద్దరూ తాగింది ఒకే గంజి, పడుకున్నది ఒకే బొంత. తల్లిదండ్రులు తిరిగొచ్చిన రోజున రాధమ్మ ఉరికిపోయి మూట విప్పి తనకేం తెచ్చారో వెతుక్కునేది. భీమమ్మ గడప దగ్గరే నిలబడి, మళ్లీ ఎప్పుడు పోతారని అడిగేది. కష్టాలే మనిషిని పిరికి చేస్తాయని చెప్పే పెద్దమనుషులు ఈ అక్కాచెల్లెళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి చూడాలి. పెద్దమందడిలో కాపురం చేసుకుంటున్న రాధమ్మ ఈనాటికీ ఇంటి కప్పు కారితే కింద గిన్నె పెట్టి, ఆ చప్పుడుకు తగ్గట్టు పాట అందుకుంటుంది. కొందరు కప్పు వంక చూస్తూనే పుడతారు. భీమమ్మ అలా పుట్టింది, అందుకు ఎవరినీ అనడానికి లేదు.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు బుచ్చన్న. వాళ్ల పెళ్లి నాడే ఇద్దరి తీరూ బయటపడింది. పెళ్లి ముగించుకుని వస్తుంటే ట్రాక్టరు ట్రాలీ టైరు దారిలో, అదీ వాలు మీద, పంక్చరయింది. పెద్దలందరూ తలలు పట్టుకుని కూర్చుంటే పెళ్లికొడుకు కిందికి దూకి, మేళం వాళ్లను పిలిచి, ట్రాలీ ముందే ఎగరడం మొదలుపెట్టాడు. పెళ్లికూతురు మాత్రం తల వంచుకునే పక్కనున్న పిల్లను పిలిచి చక్రం కింద రాయి పెట్టించమంది. కాసేపటికి జాకీ జారింది. ట్రాలీ ఒక్క ఊపు ఊగి రాయికి తగిలి ఆగింది. మేళం చప్పుడులో ఎవరికీ తెలియలేదు. ఆ పెళ్లి గురించి ఎప్పుడు మాట వచ్చినా బుచ్చన్న ఎగిరిన సంగతే చెప్పుకుంటారు, రాయి సంగతి ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.

బుచ్చన్నకు లోకంలో దొరకనిదంటూ లేదు. పెబ్బేరు సంత రోజున పని ఉన్నా లేకున్నా బస్సెక్కేవాడు. అతను ఎద్దులు కొనే మనిషి కాదు, అమ్మే మనిషి అంతకన్నా కాదు. అయినా సంతంతా తిరిగి, ఎద్దుల నోళ్లు తెరిపించి పళ్లు చూసి, సుడులు చూసి, అడగని వాళ్లకు కూడా మంచీ చెడ్డా చెప్పి, మిర్చి బజ్జీలు తిని, పెళ్లానికి రెండు పొట్లం కట్టించుకుని, రాజ్యం గెలిచినట్టు ఇల్లు చేరేవాడు. ఆ బజ్జీ చేతికి తీసుకుని భీమమ్మ, ఏ నూనెలో వేశారో చూశావా అని అడిగేది. అతను పగలబడి నవ్వేవాడు. “ఏం కాదు తియ్” అనేవాడు. అతని నోటి నుంచి రోజుకు ఎన్నిసార్లు ఆ మాట వచ్చేదో చెప్పలేం.

సంతోషం అంటే బుచ్చన్నకు ఎదురొచ్చిన దాన్ని చెయ్యి చాచి పట్టుకోవడం. భీమమ్మకు ఏదీ జరగకుండా పొద్దు గూకడం. ఇద్దరూ ఒకే గుడిసెలో ఉండి, ఒకే కుండలో తిని, రెండు వేరే వేరే వస్తువులకు ఒకే పేరు పెట్టుకున్నారు. ఎవరిది వాళ్లకు సరిపోయింది. ఊరికి మాత్రం బుచ్చన్నదే సంతోషంలా కనబడేది. భీమమ్మది రోగం.

కొన్నేళ్లు పుణే వైపు కట్టడాల పనికి పోయి తిరిగారు. ఆ తరువాత కాలువ నీళ్లు రావడం, చుట్టుపక్కల రైతులు విత్తనాల పత్తి పెట్టడం మొదలయ్యాక ఊళ్లోనే నిలిచారు. జగన్ అనే కుర్ర రైతు చేలో పని. ఆ పని తెలియని వాళ్లకు రెండు మాటల్లో చెప్పాలి. రేపు విచ్చుకోబోయే ఆడచెట్టు మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, గోటితో రేకులూ పుప్పొడీ గిల్లేసి, నడిమి కాడను మాత్రం ఉంచి, గుర్తుకు ఎర్రగొట్టం తొడుగుతారు. పొద్దున మగచెట్ల పూలు కోసుకొచ్చి ఆ కాడకు అంటిస్తారు. ఎండ ముదిరేలోగా అంటించకపోతే నిన్నటి కష్టమంతా రాలిపోతుంది. గిల్లకుండా తప్పిపోయిన మొగ్గ తనంతట తాను పూసిందా, ఆ కాయ కల్తీ. అలాంటివి ఎక్కువైతే చేను మొత్తం విత్తనానికి పనికిరాదంటారు.

భీమమ్మ గుణానికి భగవంతుడు ఈ భూమ్మీద ఒక్క పని పుట్టించాడంటే అది ఇదే. తన సాలు అయిపోయాక ఊరుకోదు, పక్కవాళ్ల సాళ్ల వెంట పోయి ఆకుల అడుగున దాగిన మొగ్గను వెతికి పట్టుకుంటుంది. ఇంట్లో ఏ కళ్లను చూసి అందరూ విసుక్కునేవారో, చేలో ఆ కళ్లనే జగన్ నెత్తిన పెట్టుకున్నాడు. సాలు చివర నిలబడి వెనక్కి తిరిగి చూసి, తప్పిన పువ్వు ఒక్కటీ కనబడకపోతే ఆమె ఒక్క నిట్టూర్పు విడిచేది. ఆమెకు తెలిసిన ఆనందమంతా ఆ నిట్టూర్పులోనే ఉంది. తెల్లవారక ముందే, మబ్బుల్లోనే లేచి మగపూలు కోసి గంపలో తెచ్చి పంచడం బుచ్చన్న వంతు. అతను పాడుతూ వస్తుంటే ఏ సాలు దాకా వచ్చాడో తల ఎత్తకుండానే తెలిసిపోయేది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పకపోతే బుచ్చన్నకు అన్యాయం, భీమమ్మకు ఇంకా అన్యాయం. ఆమె అడిగితే అతను నవ్వేవాడు, కానీ నవ్వుతూనే చొక్కా విప్పి దెబ్బ చూపించేవాడు. గొడుగు ఎందుకని ఎగతాళి చేసేవాడు, వాన రాగానే ఆ గొడుగు కిందికే దూరేవాడు. ఒకసారి కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినప్పుడు ఆమె పోరి పోరి దవాఖానకు తీసుకుపోయింది. ఇంకొన్నాళ్లు ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదన్నారు. వచ్చాక అతను ఆ కథను అందరికీ నవ్వు పుట్టేలా చెప్పాడు. ఆ కథలో భీమమ్మ గయ్యాళి, తాను అమాయకుడు.

పెళ్లయి ఇన్నేళ్లలో బుచ్చన్న ఆమెను కోరిన కోరిక ఒక్కటే. మంచి చీర కట్టమనలేదు, కోళ్లు కొయ్యమనలేదు. “ఒక్క దినం, పొద్దుగాల నుంచి పొద్దుమూకే దాక, నన్ను ఏం అడగకుండ ఉండు భీమీ. ఆ దినం నీ మొఖం ఎట్లుంటదో చూడాలని ఉంది” అనేవాడు. హాస్యానికే అనేవాడు. అయితే ఏళ్ల తరబడి అదే హాస్యం ఆడితే అందులో కొంత నిజం చేరుతుంది. తనవల్ల ఆ ఒక్కటీ కావడం లేదని భీమమ్మకు లోపల ముల్లులా ఉండేది.

ఇలా ఉండగా ఆ ఏడు, పత్తి పని సగంలో ఉండగా, మహిళా సంఘం వాళ్లను గద్వాలలో మీటింగుకు పిలిచారు. పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. సంతోషంగా ఎలా ఉండాలో నేర్పుతుందట. నడుములు విరిగేలా వంగి పని చేసి వచ్చిన ఆడవాళ్లందరినీ నిలబెట్టి, చేతులు పైకెత్తించి, గట్టిగా నవ్వమంది. నవ్వారు. గొంతుల్లోంచి నవ్వారు. కూలి పోతే పోయింది, టిఫిన్ పెట్టారు కదా అని నవ్వారు. సంతోషం మీ చేతుల్లోనే ఉందని మేడం చెబితే, శాంతమ్మ తన చేతులు తిప్పి చూసుకుంది. గోళ్ల సందుల్లో నల్లబడిన పత్తి జిగురు కనబడింది. శాంతమ్మ భీమమ్మ పక్కింటామె, చేలో కూడా పక్క సాలే.

భీమమ్మ నవ్వడం లేదని మేడం చూసింది. ఎందుకమ్మా అని అడిగింది. భీమమ్మ పైకి చూపించి, “ఆ ఫ్యాను ఊగుతుంది మేడం. దాని కిందనే నిలవడ్డరేంది?” అంది. హాలంతా గొల్లుమంది. ఈసారి నిజంగానే నవ్వారు. మేడం కూడా నవ్వి, నవ్వుతూనే రెండడుగులు పక్కకు జరిగింది. జరిగి, ఇదిగో దీన్నే చింత అంటారు, ఈ అక్క ఫ్యాను చూసి ఇవాల్టి ఆనందాన్ని పోగొట్టుకుంది అని పాఠం చెప్పింది. చింత అలవాటే తప్ప మరేమీ కాదట. తల్లి చింతపడే ఇంట్లో పిల్లలు తల్లికి దూరమవుతారట, భర్త నవ్వు ఇంకిపోతుందట. ఒక్క రోజు మానేసి చూడండి, మీ వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో మీరే చూస్తారు అని అందరి చేతా చెయ్యి ఎత్తించింది. పక్కకు జరిగి నిలబడి చెప్పిన ఆ మాటలు వింటుంటే నాకైతే ఒళ్లు మండుతుంది. కానీ భీమమ్మకు మండలేదు, గుచ్చుకుంది.

గుచ్చుకోవడానికి కారణం ఉంది. కూతురు అనిత వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తల్లి ఫోన్ చేస్తే ఎత్తదు. ఎత్తితే ప్రశ్నలు మొదలవుతాయి. గొంతు ఎందుకు అలా ఉంది, తలుపుకు గడియ ఉందా, రాత్రి ఒక్కదానివే బయటికి పోతున్నావా. అదే తండ్రి చేస్తే గంటసేపు కబుర్లు. నువ్వు ఫోన్ చేస్తే నాకు ఏదో అయిందని నాకే అనిపిస్తుందమ్మా అని ఆ పిల్ల ఒకసారి అననే అంది. మీటింగు నుంచి వస్తూ ఆటోలో భీమమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. తన ప్రేమ వీళ్లకు బరువైపోయిందని, తాను ఇన్నాళ్లూ కాపలా కాస్తున్నానని అనుకుంటూ అందరి నవ్వునూ తొక్కుతున్నానని ఆమెకు నమ్మకం కుదిరింది. పాపం, ఆమె ఏది నమ్మినా పూర్తిగా నమ్మేది.

రోజు ఎంచుకుంది. ఆఖరు పూల రోజు. పత్తి పనికి అదే పండుగ. చివరి పూలు అంటించాక, చెట్ల మీద మిగిలిన మొగ్గలన్నీ తుంచి పారేస్తారు, ఇక పూసేవన్నీ కల్తీయే కనుక. తరువాత జగన్ యాటపోతును కోసి కూలీలందరికీ దావత్ ఇస్తాడు. ఆ పొద్దున బుచ్చన్న ముఖం కడుక్కుంటుంటే భీమమ్మ దగ్గరకు పోయి నిలబడింది.

“ఇయ్యాల నిన్ను ఏం అడగ. పొద్దుమూకే దాక అడగ. మాటిస్తున్న” అంది.

బుచ్చన్న దోసిట్లో నీళ్లు వదిలేసి ఆమె వంక చూశాడు. తరువాత వీధిలోకి పోయి, విన్నవాడికీ విననివాడికీ చెప్పొచ్చాడు. వాడకట్టంతా తమాషా చూడటానికి సిద్ధమైంది. మధ్యాహ్నం దాకా కూడా ఆగదని కొందరు, చేను గట్టు దాకా కూడా ఆగదని కొందరు పందేలు వేసుకున్నారు.

జొన్నరొట్టె పెట్టింది. అతను సగం తిని పక్కకు నెట్టాడు. బుచ్చన్న రొట్టె విడిచిపెట్టడమన్నది ఆమె ఎరగదు. ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది. మింగింది.

చేనుకు నడుస్తుంటే అతను దారిలో ఆగి, నెత్తిమీది గంప దించి, ఎడమ భుజం రుద్దుకున్నాడు. ఇంకా ఎండ పుట్టలేదు, చల్లగాలి వీస్తోంది, అతని మెడ వెనుక మాత్రం చొక్కా తడిసి ఉంది. భీమమ్మ కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకుంది. అతను తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణం కాదు, చాలాసేపు చూశాడు. ఆమె బలవంతాన నవ్వింది. అతను కూడా నవ్వి గంప ఎత్తుకున్నాడు.

చేలో అతని పాట మధ్యలో ఆగింది. మళ్లీ అందుకున్నాడు. మళ్లీ ఆగింది. భీమమ్మ చేతులు పూలు అంటిస్తున్నాయి గానీ చెవులు పక్కసాలు మీద ఉన్నాయి. ఆమె కళ్ల ముందే ఒక తప్పిన పువ్వు నిండుగా విచ్చుకుని తలూపుతూ ఉంది, ఆమె దాన్ని దాటి పోయింది. వెనుక వస్తున్న శాంతమ్మ దాన్ని తుంచి పైకెత్తి చూపించి, అడుగుడు భీమమ్మకు కూడా కళ్లు మూసుకుపోయాయని అందరినీ పిలిచి చెప్పింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. అందరూ సంబరపడ్డారు. చూశావా, అడగడం మానేస్తే మనిషి ఎంత హాయిగా ఉంటుందో అన్నారు.

ఎండ ముదిరేలోగా చివరి పువ్వు అంటింది. ఇక మొగ్గల తుంపుడు మొదలైంది. ఆడా మగా తేడా లేకుండా తుంచిన మొగ్గలు ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. బుచ్చన్న గంప అడుగున మిగిలిన పసుపు పచ్చని మగపువ్వు ఒకటి తెచ్చి, అందరూ చూస్తుండగా భీమమ్మ కొప్పులో పెట్టాడు. ఆమె సిగ్గుతో అతని చెయ్యి విదిలించి, నవ్వింది. కడుపులోంచి వచ్చిన నవ్వు. బాగుంది ఆ నవ్వు, కాదనడానికి లేదు. ఆమెకూ బాగుంది. ఆ క్షణాన మనసులో ఏ శవమూ లేదు, ఏ విరిగిన కాలూ లేదు. ఇంత సులువా ఇది, ఇన్నేళ్లూ ఇది తెలియక ఎందుకు కుళ్లిపోయానని అనుకుంది. ఆ తరువాత ఎన్నడూ ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది ఆ నవ్వుకే.

కూర ఉడికేలోపు కాసేపు నడుం వాలుస్తానని చెప్పి బుచ్చన్న మోటారు కొట్టం నీడకు పోయాడు. వేరే రోజైతే ఆమె వెనకే పోయి, ఎందుకు పడుకుంటున్నావు, పట్టపగలు ఎన్నడన్నా పడుకున్నావా అని పీక్కు తినేది. ఆ రోజు ఆడవాళ్ల మధ్య కూర్చుని అల్లం వెల్లుల్లి దంచింది. శాంతమ్మ పాట అందుకుంటే గొంతు కలిపింది. నడుమ ఒకసారి లేవబోయింది. పందెం వేసిన ఆడవాళ్లు ఆమె కొంగు పట్టి లాగి కూర్చోబెట్టారు. మాట తప్పుతావా అన్నారు. కూర్చుంది.

విస్తళ్లు వేసేటప్పుడు అతని వంతు తానే పట్టుకుని పోయింది. బుచ్చన్న గోడకు ఆనుకుని, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోయినట్టే ఉన్నాడు.

జగన్ ట్రాక్టరు మీద గద్వాల తీసుకుపోయాడు. దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. గుండెపోటు అన్నాడు. పొద్దున్నించే మొదలై ఉంటుంది, భుజం నొప్పి గానీ చెమటలు గానీ ఉన్నాయా, ఎవరూ అడగలేదా అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు, ఎవరినీ ఎత్తిపొడవాలని కాదు. భీమమ్మ గోడవైపు తిరిగింది.

చావు ఇంటికి వచ్చిన వాళ్లందరూ ఒకటే మాట. అదృష్టవంతుడు, నవ్వుతూ నవ్విస్తూ పోయాడు. బతికితే బుచ్చన్న లాగా బతకాలి. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆమె వినేటట్టే, ఇన్నేళ్లూ చావు చావు అని కాకిలా అరిచి తెచ్చిపెట్టింది అన్నారు. అతను బతికినన్నాళ్లూ ఆమె భయపడుతుందని నవ్వారు, భయపడినంతా అయ్యాక ఆ భయమే చంపిందన్నారు. ఆమె ఆ ఒక్క రోజే భయపడలేదన్న సంగతి అందరికీ తెలుసు, దావత్‌లో అందరూ ఉన్నారు. అయినా ఎవరికీ తట్టలేదు. రాధమ్మ పెద్దమందడి నుంచి వచ్చి, అక్క తల ఒళ్లో పెట్టుకుని, ఆయన కోరిన ఆ ఒక్క దినం ఇచ్చినవ్ గదక్కా అని ఓదార్చింది. ఓదార్పు కూడా ఒక్కోసారి ఎంత కర్కశంగా ఉంటుందో రాధమ్మకు తెలియదు. ఆమె కప్పు కింద గిన్నె పెట్టుకునే మనిషి.

దినాల నాడు శాంతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మనసులో దాచుకోలేకపోయింది, చెబితే భీమమ్మకు కొంత ఊరటగా ఉంటుందని కూడా అనుకుంది.

“ఆ పొద్దుగాల చేను గట్టు మీద అన్న భుజం రుద్దుకుంటుంటే నేను అడిగిన వదినా. జర నొస్తుంది అన్నడు. మరి దవాఖానకు పోరాదే అంటి. నవ్విండు. భీమి చూసింది గద, ఏం అనలే అన్నడు. మాటిచ్చింది గద అందుకే అనలేదేమో అన్న నేను. దానికి ఏమన్నడో ఎరికేనా? నొప్పి పెద్దదైతే భీమి మాట మీద నిలుస్తదా, ఒట్టు గిట్టు పక్కకు పారేసి నా పానం తింటది, అది అడగలేదంటే ఏం లేనట్టే అన్నడు. నిన్ను గంత నమ్మిండు వదినా.”

భీమమ్మ కళ్లు శాంతమ్మ నోటి మీదే ఉండిపోయాయి. దారిలో గంప దించి తన ముఖంలోకి అంతసేపు ఎందుకు చూశాడో అప్పుడు అర్థమైంది. అతను నవ్వు కోసం చూడలేదు. ప్రశ్న కోసం చూశాడు. ఇన్నేళ్లూ ఆమె భయాన్ని ఎగతాళి చేస్తూ, ఆ భయాన్నే నమ్ముకుని బతికాడు. ఆమె రాయి పెట్టి ఉంచుతుందని తెలిసే ఎగిరాడు. ఆ సంగతి ఒక్కసారి, బతికి ఉండగా ఒక్కసారి, నోరు తెరిచి చెప్పి ఉంటే ఆమె ఎందుకు మాటిచ్చేది?

బుచ్చన్నను పాతిన బొందలగడ్డకు అన్నం తీసుకుపోయినప్పుడు కల్లు పెట్టారు, యాటకూర పెట్టారు, ఎవరో పెబ్బేరు నుంచి మిర్చి బజ్జీలు తెప్పించి పెట్టారు. అందరూ దండం పెట్టుకుని లేచాక భీమమ్మ మట్టి దగ్గరకు వంగి, “భుజం నొస్తుందా?” అని అడిగింది. మామూలుగా, ఇంట్లో అడిగినట్టే అడిగింది. ఇంకా ఏం అడుగుడే తల్లీ, అయిపాయె అని ఎవరో ముసలామె లేవదీసింది. ఊరు భీమమ్మ నోట విన్న ఆఖరి ప్రశ్న అదే.

ఇప్పుడు ఆమె ఎవరినీ ఏమీ అడగదు. మరుసటి ఏడు జగన్ పిలిస్తే చేనుకు పోయింది, తన సాలు తాను చేసుకుని గట్టు మీద కూర్చుంది. పక్కవాళ్ల సాళ్ల వెంట పోలేదు. వైర్లు వేలాడుతుంటే చూసి కూడా తన దారిన పోతుంది. పిల్లవాడు దగ్గుతూ ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది. మొదట్లో ఊరికి హాయిగానే ఉండింది. తరువాత తరువాత జనానికి ఎందుకో మనసున పట్టలేదు. ఎదురుపడి కావాలనే కాస్త కుంటి చూసిన వాళ్లు కూడా ఉన్నారు. ఆమె అడగలేదు. సంతోషం నేర్పిన మేడం మళ్లీ వచ్చిందట, భీమమ్మ ఎంత నెమ్మదస్తురాలైందో చూడండని సంఘం వాళ్లు చూపించారట. మేడం చప్పట్లు కొట్టించిందట.

ఆ మధ్య అనిత హాస్టల్ నుంచి తానే ఫోన్ చేసింది. ఈ మధ్య రోజూ తానే చేస్తోంది. జ్వరం వచ్చి తగ్గిందని చెప్పింది. తల్లి ఊ కొట్టింది. మందులు వేసుకోలేదని చెప్పింది. ఊ కొట్టింది. గదిలో తోటి పిల్ల ఊరికి పోయిందని, రాత్రి ఒక్కదాన్నే ఉంటున్నానని కూడా చెప్పింది. చెప్పి ఆగింది.

“అమ్మా, నన్నేం అడగవా?” అంది అనిత.

“ఏం అడగాలె బిడ్డా. ఏం కాదు తియ్” అంది భీమమ్మ.

ఆ మాట అనిత చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది, తండ్రి నోట. తల్లి నోట వినడం అదే మొదలు. ఆ పిల్ల ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, ఎందుకమ్మా గొంతు గట్లున్నది, తిన్నవా, తలుపు ఏసుకున్నవా, దగ్గర ఎవరన్న ఉన్నరా అని ఒకదాని వెంట ఒకటి అడగడం మొదలుపెట్టింది. భీమమ్మ అన్నిటికీ ఒక్కటే జవాబు చెప్పి ఫోన్ పెట్టేసింది.